క్లాసు నవలలకి చందాలు మొదలుపెట్టే ముందు

ప్రియమైన మిత్రమా,

మీ తల్లిదండ్రుల-టీచర్ల సంఘం ఈసారి క్లాసుకి నవలలు కొనిపెట్టాలనుకుంటోందని చదివి ప్రాణం లేచొచ్చిందిరా. పాఠ్యపుస్తకంలో నవల ముక్క చదవడం వేరు, ఒక నవలని మొదటి పేజీ నుంచి చివరిదాకా తన చేత్తో పట్టుకుని చదవడం వేరు. ఈ పని చక్కగా సాగాలనే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిగ్గా చదువు.

ముందు చందాల మాట పక్కనపెట్టు. "ఎంత వసూలైతే అంతకి కొందాం" అని దిగితే చివరికి ఎవరికీ చాలని పుస్తకాలు మిగులుతాయి. టీచరు ఆ నవలని ఎలా చదివిస్తారో అడుగు, కాపీల లెక్క అక్కడే తేలుతుంది. ముప్ఫైమంది ఉన్న క్లాసంతా ఒకే నవల చదవాలంటే పిల్లలకి 30, టీచరుకి 1, చిరిగేవాటికీ పోయేవాటికీ బదులుగా 3, మొత్తం 34. అదే ఆరుగురేసి ఐదు జట్లుగా చదివితే, ఒక్కో నవలకి 7 కాపీల చొప్పున 35తో ఐదు నవలలు వస్తాయి. నా ఓటు రెండో పద్ధతికే, కానీ టీచరు ఆ ఐదూ ముందే పూర్తిగా చదివి ఉండాలి. ఆ తీరిక లేదంటే ఒక్క నవలే మేలు. మూడు సెక్షన్లున్నాయని మూడు సెట్లు కొనకండి. 160 పేజీల నవల రోజుకి 10 పేజీలు, వారానికి నాలుగు రోజులు చదివితే నాలుగు వారాల్లో అయిపోతుంది. పుస్తకాలు వెనక్కి తీసుకుని బాగుచెయ్యడానికి ఇంకో వారం. అలా 15 వారాల్లో ఒకే సెట్టు మూడు సెక్షన్లూ తిరిగొస్తుంది.

అదనపు కాపీలు మాత్రం మొదటిసారే కొనెయ్యండి. ఏడాది తర్వాత కావాలంటే ప్రచురణకర్త కొత్త ముద్రణ తెచ్చి ఉండొచ్చు, అక్షరం సైజూ పేజీల సంఖ్యా మారిపోతాయి. "47వ పేజీ తియ్యండి" అనగానే సగం క్లాసుకి ఒక చోటు, మిగతా సగానికి ఇంకో చోటు తెరుచుకుంటే ఆ పీరియడంతా పేజీ వెతుక్కోవడానికే సరి. ఎవరింట్లో ఉన్న పాత కాపీలు వాళ్లు ఇస్తామంటే క్లాసు అలమరాలో పెట్టుకోండి, సెట్టులో కలపకండి. ఆర్డరు నవల పేరుతో కాకుండా ఐఎస్‌బీఎన్‌తో, అంటే ఒక్కో ముద్రణని గుర్తుపట్టడానికి పుస్తకం మీద వేసే 13 అంకెల నంబరుతో ఇవ్వండి. గట్టి అట్టకి ఒక నంబరు, మెత్త అట్టకి ఇంకొకటి ఉంటుంది. రాసుకున్న నంబరు సరైందో కాదో చూసుకునే దారి అందులోనే ఉంది. 13 అంకెల్నీ వరసగా 1తో, 3తో, మళ్లీ 1తో, 3తో గుణించి కూడితే మొత్తం పదితో భాగించబడాలి. లేదంటే ఎక్కడో అంకె తప్పు పడిందన్నమాట.

సంఘం ముందు పెట్టే కాగితం ఒక పేజీ దాటనివ్వకు. నవల పేరు, రచయిత, ఐఎస్‌బీఎన్, ఏ తరగతికి, ఏ నెలలో చదువుతారు, ఎన్ని కాపీలు, ఒక్కోదాని ధర, మొత్తం, రవాణా ఖర్చు, పుస్తకాలు ఎవరి దగ్గర ఉంటాయి, ఇంతే. స్కూలు లైబ్రరీలో ఇప్పటికే ఎన్ని కాపీలున్నాయో కూడా అందులోనే రాయి, ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది. తీర్మానంలో "ఇంతకి మించకుండా" అని మొత్తం రాయించు, ధర కాస్త పెరిగినా మళ్లీ మీటింగు పెట్టక్కర్లేదు. బిల్లు సంఘం పేరనే ఉండాలి, టీచరు జేబులోంచి ముందు పెట్టించొద్దు. పుస్తకాలు స్కూలు ఆస్తి అని మినిట్స్‌లో ఒక్క వాక్యం పడాలి. అది లేకపోతే టీచరు మారినప్పుడు గొడవ. ఎవరెంత ఇచ్చారన్నది పిల్లలకి తెలియనివ్వకు. ఇవ్వలేనివాళ్ల బిడ్డ ఆ పుస్తకం పట్టుకుని సిగ్గుపడకూడదు కదరా.

పెట్టె రాగానే స్టాంపు వెయ్యకండి. ముందు ప్రతి కాపీ పేజీలూ బొటనవేలితో జారవిడుస్తూ చూడాలి. ఒక ఫారం (కలిపి ముద్రించి మడిచే పేజీల కట్ట) రెండుసార్లు పడటం, 16 పేజీలు ఎగిరిపోవడం, తలకిందులుగా కుట్టడం లాంటివి అప్పుడే దొరుకుతాయి. స్టాంపు పడ్డ పుస్తకాన్ని అమ్మినవాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోరు. ఆ తర్వాతే స్టాంపు, లోపలి అట్టమీద వరస నంబరు, రిజిస్టర్లో ఆ నంబరుకి ఎదురుగా పిల్లవాడి పేరు, ఇచ్చేటప్పుడు పుస్తకం ఎలా ఉందో ఒక ముక్క.

జిగురు బైండింగు పుస్తకాన్ని కొత్తలో నడిమికి విరిచి తెరిస్తే వెన్ను పగిలి పేజీలు ఊడతాయి. పిల్లలకి మొదటిరోజే నేర్పించండి. వెన్నుని బల్లమీద ఆనించి రెండు అట్టలూ దించాలి, తర్వాత ముందునుంచి కొన్ని పేజీలు, వెనకనుంచి కొన్ని పేజీలు మెల్లగా నొక్కుకుంటూ మధ్యకి రావాలి. ఊడిన పేజీకి సెల్లో టేపు వెయ్యకండి, పసుపెక్కి పక్క పేజీకి అంటుకుంటుంది. తెల్ల జిగురు సన్నని గీతలా రాసి, అటూ ఇటూ మైనపు కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచితే చాలు.

కథలో మరణమో హింసో ఉందని ఏ తల్లో తండ్రో అభ్యంతరం చెప్పొచ్చు. ఆ మాట డబ్బు ఖర్చయ్యాక వస్తే తలనొప్పి. కాబట్టి ఇద్దరు తల్లిదండ్రులు, టీచరు పూర్తిగా చదివాకే జాబితా ఖాయం చెయ్యండి, పేర్లు ముందుగానే అందరికీ పంపండి. అభ్యంతరం చెప్పినవాళ్ల పిల్లవాడికి దాని బదులుగా ఏ నవల ఇవ్వాలో కూడా అప్పుడే అనుకోవాలి. చూపు సరిగా ఆననివాళ్లకి పెద్దక్షరాల కాపీ గానీ ఆడియో గానీ దొరుకుతుందేమో కనుక్కో. కాపీలు చాలలేదని నవల మొత్తం జిరాక్సు తీయించడం మాత్రం వద్దు, కాపీరైటు సమస్య వస్తుంది.

చదవడం మొదలయ్యే తేదీకి కనీసం ఆరు వారాల ముందు ఆర్డరు వెళ్లిపోవాలి. టీచరుతో మాట్లాడాక ఆ ఒక పేజీ కాగితం నాకు పంపు, లెక్కలు ఇంకోసారి సరిచూసి పంపిస్తాను.

నీ
మిత్రుడు