చెరపలేని ఒక ప్రతి కావాలి: ఐటీ శాఖ మంత్రి గారికి విశాఖపట్నం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ, ఎలక్ట్రానిక్స్ శాఖ మంత్రి గారికి నమస్కారములతో వ్రాయునది.

రైతు అడంగల్, 1-బీ, ఇంటి పన్ను బకాయి, పెన్షన్ జాబితా, స్థలం రిజిస్ట్రేషన్, ఆసుపత్రిలో రోగి చరిత్ర ఇప్పుడు సర్వర్లలోనే ఉంటున్నాయి. 2025 జనవరిలో 'మన మిత్ర' మొదలైనప్పటి నుంచి ప్రభుత్వ సేవలు వాట్సాప్ ద్వారా నేరుగా ఫోనులోకే వస్తున్నాయి. ఇది ప్రజలకు మేలు చేసే మార్పు, ఇందులో రెండో మాట లేదు. అయితే సర్వర్‌లోని సమాచారం పోతే వెనక్కి తిరిగి చూసుకోవడానికి బీరువాలో కాగితం ఉండే రోజులు వెళ్లిపోతున్నాయి కనుక, ఆ బీరువా చేసిన పనిని ఇప్పుడు విడిగా దాచిన ప్రతి, అంటే బ్యాకప్, చేయాలి. ఈ లేఖలో నేను కోరేది ఒక్కటే. ప్రతి ప్రభుత్వ శాఖ, ప్రతి నగరపాలక సంస్థ, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి సమాచారానికీ నెట్‌వర్క్ నుంచి ఎవరూ, చివరికి ఆ సర్వర్ల నిర్వాహకుడు కూడా, చెరపలేని ఒక ప్రతి తప్పనిసరిగా ఉండాలని, ఆ ప్రతి నుంచి వ్యవస్థను తిరిగి నిలబెట్టి చూపించే పరీక్ష నిర్ణీత కాలానికి ఒకసారి జరగాలని ఉత్తర్వు ఇవ్వండి.

ఈ కోరికలో 'నిర్వాహకుడు కూడా' అన్న మాట ఎందుకు చేర్చానో వివరించాలి. ఫైళ్లను చదవలేని రూపంలోకి మార్చి (దీన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు), వాటిని విప్పే తాళం చెవికి డబ్బు అడిగే ప్రోగ్రాంను రాన్సమ్‌వేర్ అంటారు. ఆ దాడి అంటే ఎవరో ఒక ఉద్యోగి పొరపాటున ఒక లింకు నొక్కడం, వెంటనే తెర మీద డబ్బు అడిగే సందేశం రావడం అనే అభిప్రాయం చాలా కార్యాలయాల్లో ఇంకా ఉంది. ఇప్పటి ముఠాలు అలా తొందరపడవు. మోసపు మెయిల్ ద్వారానో, పాస్‌వర్డ్‌కు తోడు రెండో అంచె ధ్రువీకరణ లేని వీపీఎన్ (బయటి నుంచి కార్యాలయ నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) ద్వారానో, లోపాన్ని సరిచేసే ప్యాచ్ వేయని సర్వర్ ద్వారానో లోపలికి వస్తారు. వచ్చాక రోజులు, ఒక్కోసారి వారాలు చప్పుడు చేయకుండా తిరిగి, నిర్వాహకుడి పాస్‌వర్డ్ సంపాదిస్తారు. ఆ తర్వాత వెతికేది బ్యాకప్ సర్వర్ కోసమే. విండోస్ తనంతట తాను దాచుకునే షాడో కాపీలను తుడిచేస్తారు, బ్యాకప్ ఫైళ్లను చెరిపేస్తారు, ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టడం అన్నిటికంటే చివరి పని. తిరిగి లేచే దారి మూసేస్తే తప్ప బాధితుడు డబ్బు ఇవ్వడని వాళ్లకు తెలుసు. అందువల్ల అసలు సర్వర్లకు, బ్యాకప్‌కు ఒకే నిర్వాహక ఖాతా వాడుతున్న కార్యాలయంలో ఎన్ని ప్రతులు ఉన్నా, ఆపద వేళ అవన్నీ ఒకే గుత్తికి వేలాడే తాళం చెవుల్లాగా ఒక్కసారే దొంగ చేతికి పోతాయి.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదని మన రాష్ట్రానికి ఇదివరకే అనుభవమైంది. 2017 మే నెలలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టినప్పుడు విశాఖపట్నం, శ్రీకాకుళం సహా మన రాష్ట్రంలోని పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ విడుదల చేసి ఉంది. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగింది. అన్నిటికంటే పెద్ద పాఠం మాత్రం ఢిల్లీ ఎయిమ్స్‌ది. 2022 నవంబర్ 23న అక్కడి సర్వర్లు ఆగిపోయాయి. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిందని, నెట్‌వర్క్‌ను సరైన విభాగాలుగా వేరు చేయకపోవడం ఇందుకు దారి ఇచ్చిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దేశంలోనే పేరున్న ఆసుపత్రిలో రెండు వారాల దాకా రోగుల నమోదు, పరీక్షల ఫలితాలు చేతిరాతతో నడిచాయి. ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ఇంకో మాట ఉంది, దానికి రావలసినంత ప్రచారం రాలేదు: దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలింది, ఈ-హాస్పిటల్ అనే ఆసుపత్రి వ్యవస్థ సమాచారమంతా దాని నుంచే తిరిగి వచ్చింది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, మన్యం కొండల నుంచి, ఒడిశా నుంచి కూడా రోగులు వచ్చి చేరే మా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి ఆసుపత్రికి అలాంటి రోజు వస్తే, ఏ ప్రతి మిగులుతుందో ఇప్పుడే చెప్పగలిగే స్థితిలో మనం ఉండాలి.

ఈ విషయం ఎత్తినప్పుడల్లా అధికారుల నుంచి సాధారణంగా వినిపించే సమాధానం, "మాకు డిజాస్టర్ రికవరీ సైట్ ఉంది" అన్నది. దయచేసి ఈ సమాధానంతో తృప్తి పడవద్దని మనవి. డీఆర్ సైట్ అనేది కరెంటు పోయినా, భవనం కాలినా, కేబుల్ తెగినా సేవ ఆగకుండా రెండో చోటి నుంచి నడిపించడానికి ఏర్పాటు చేసింది. ఇక్కడ రాసిన ప్రతి మార్పూ క్షణాల్లోనో నిమిషాల్లోనో అక్కడా రాయడం దాని ధర్మం. ఇక్కడి ఫైలు ఎన్‌క్రిప్ట్ అయితే అది కూడా ఒక మార్పే కనుక అక్కడి ఫైలూ అంతే విధేయంగా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. సమాచారాన్ని పలు డిస్కుల మీద కలిపి దాచే రెయిడ్ పద్ధతి సంగతీ ఇంతే. ఒక డిస్కు చెడిపోతే అది ఆదుకుంటుంది గాని, నిన్నటి సమాచారాన్ని ఇవ్వలేదు. డీఆర్‌కు కోట్లు ఖర్చు పెట్టి, దాన్నే బ్యాకప్‌గా లెక్క చూపుకునే అలవాటు మన ప్రభుత్వ టెండర్లలో పాతుకుపోవడం నాకు నిజంగా ఆందోళన కలిగిస్తోంది.

బ్యాకప్ పొరలు పొరలుగా ఉండాలనడానికి కారణం, ఒక్కో పొర ఒక్కో ఆపదకు జవాబు కావడమే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఈ రంగంలో అందరికీ తెలుసు: మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. రాన్సమ్‌వేర్ వచ్చాక దీనికి మరో రెండు షరతులు కలిశాయి: ఒక ప్రతి ఆఫ్‌లైన్‌లోనో, చెరపడానికి వీల్లేని రూపంలోనో ఉండాలి, తిరిగి తెచ్చే పరీక్షలో తప్పులు సున్నా కావాలి. మొదటి పొరగా అదే స్టోరేజీలో కొద్ది గంటలకొకసారి తీసే స్నాప్‌షాట్లు (ఆ క్షణపు స్థితిని పట్టి ఉంచే ప్రతులు) ఉంటే, గుమస్తా పొరపాటున చెరిపిన ఫైలు నిమిషాల్లో దొరుకుతుంది. రెండో పొర వేరే స్టోరేజీలో, వేరే ఖాతాలతో, కార్యాలయపు యాక్టివ్ డైరెక్టరీతో (ఉద్యోగుల ఖాతాలు, లాగిన్లు నడిపే వ్యవస్థ) ఏ సంబంధమూ లేకుండా ఉండాలి. దాని నిర్వాహకులకు రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరి. మూడో పొర ఊరు దాటాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఈ నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి ఎలా పోయాయో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. సీతమ్మధారలో ఒక ప్రతి, సిరిపురంలో మరొక ప్రతి పెట్టుకుని రెండు చోట్ల ఉన్నాయనుకోవడం విశాఖలో కుదరదు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీకి హైదరాబాద్, భువనేశ్వర్, పుణె, ఢిల్లీలలో జాతీయ డేటా సెంటర్లు ఉన్నాయి. ఒకే తుపాను హైదరాబాద్‌ను, విశాఖను కలిపి ముంచే అవకాశం తక్కువ.

నాలుగో పొర గురించే నేను కొంత పట్టుదలగా చెప్పదలిచాను. ఇది నెట్‌వర్క్‌కు అందని ప్రతి. టేపు మీద రాసి, డ్రైవ్ నుంచి తీసి, బీరువాలో పెట్టి తాళం వేసిన క్యాట్రిడ్జ్‌ను ప్రపంచంలోని ఏ ముఠా కూడా దూరం నుంచి ఎన్‌క్రిప్ట్ చేయలేదు. టేపు కాలం చెల్లిన వస్తువనే మాట నిజం కాదు. ఎల్‌టీఓ-9 రకం క్యాట్రిడ్జ్ ఒక్కటి కుదింపు లేకుండానే 18 టెరాబైట్లు పట్టుకుంటుంది, డ్రైవ్ పూర్తి వేగంతో నడిస్తే పన్నెండున్నర గంటల్లో నిండుతుంది. టేపు వద్దనుకునే చోట ఆబ్జెక్ట్ లాక్ ఉన్న స్టోరేజీ వాడవచ్చు. అందులో కాంప్లయన్స్ పద్ధతిలో గడువు పెడితే, ఆ గడువు తీరేదాకా ప్రధాన ఖాతాదారు కూడా ఆ ఫైలును చెరపలేడు. ఈ రెంటిలో ఏదీ లేకపోతే ఏమవుతుందో 2017 జూన్‌లో నాట్‌పెట్యా చూపింది. రాన్సమ్‌వేర్ వేషంలో వచ్చిన ఆ విధ్వంసక సాఫ్ట్‌వేర్ వల్ల ముంబై దగ్గరి జేఎన్‌పీటీ ఓడరేవులోని ఒక టెర్మినల్ స్తంభించింది. ఆ టెర్మినల్ మాతృసంస్థ మెర్స్క్‌లో, ఉద్యోగుల లాగిన్లను అదుపు చేసే డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతటా తుడిచిపెట్టుకుపోగా, ఘానాలో ఒక్కటి మిగిలింది. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌లో లేకపోవడమే కారణం. అంత పెద్ద నౌకా సంస్థ అదృష్టం మీద ఆధారపడవలసి వచ్చింది; ఓడరేవు మీద బతికే మా నగరం ఆ స్థితిలో ఉండకూడదు.

చిన్న సంస్థల పరిస్థితి ఇంకా దయనీయం. గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న పరిశ్రమ యజమాని రోజూ సాయంత్రం తన ట్యాలీ ఖాతాలను యూఎస్‌బీ డిస్కులోకి క్రమం తప్పకుండా కాపీ చేయించేవారు. ఆ డిస్కును మాత్రం కంప్యూటర్ నుంచి ఎన్నడూ తీయలేదు. దాడి జరిగిన రాత్రి కంప్యూటర్‌తో పాటు అదీ పోయింది. జీఎస్టీ లెక్కలను బిల్లు పుస్తకాల నుంచి, బ్యాంకు స్టేట్‌మెంట్ల నుంచి మళ్లీ కూర్చుకోవలసి వచ్చింది. ఆయన చేసిన పనిలో శ్రద్ధకు లోటు లేదు. రెండు డిస్కులు మార్చి మార్చి వాడి, ఒకటి ఎప్పుడూ విడిగా ఉంచమని చెప్పేవారు లేకపోయారు. జిల్లా పరిశ్రమల కేంద్రాల ద్వారా ఆ ఒక్క మాట తెలుగులో ప్రతి చిన్న పరిశ్రమకూ చేరవేయడం మీకు పెద్ద పని కాదు.

ఇక తిరిగి తెచ్చే విషయం. బ్యాకప్ జరిగిందని రోజూ పచ్చ టిక్కు చూపే నివేదికలు ఉన్నతాధికారుల దాకా వెళ్తాయి. ఆ బ్యాకప్ నుంచి డేటాబేస్ లేచి నిలబడిందా అని అడిగేవారు అరుదు. ప్రతి ఉండటం వేరు, సమయానికి అది చేతికి రావడం వేరు. 100 ఎంబీపీఎస్ లైను మీద 1.3 టెరాబైట్లు వెనక్కి రావడానికి, లైను మొత్తం దీనికే కేటాయించినా, దాదాపు 29 గంటలు పడుతుంది. 20 టెరాబైట్లయితే 18 రోజులు దాటుతుంది. ఈ లెక్క ముందే వేసుకున్న కార్యాలయం దగ్గరలో ఒక ప్రతి ఉంచుకుంటుంది, వేయని కార్యాలయానికి ఆ 18 రోజులు ఆపద మధ్యలో తెలుస్తాయి. డబ్బు ఇచ్చి తాళం చెవి తెచ్చుకోవచ్చనే ఆలోచనకూ సమాధానం ఉంది. అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ 2021 మేలో సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించినా, ముఠా ఇచ్చిన పరికరం ఎంత నెమ్మదిగా నడిచిందంటే, సంస్థ తన సొంత బ్యాకప్‌ల మీదే ఆధారపడవలసి వచ్చింది. అదే నెలలో ఐర్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవకు ముఠా డబ్బు తీసుకోకుండానే తాళం చెవి ఇచ్చింది, అయినా వ్యవస్థలు పూర్తిగా కోలుకోవడానికి సెప్టెంబర్ దాకా పట్టింది.

అందుకే పరీక్ష అంటే ఒక ఫైలు తెరిచి చూడటం కాదని ఉత్తర్వులో స్పష్టంగా ఉండాలి. అసలు నెట్‌వర్క్‌తో సంబంధం లేని వేరు గదిలో, ఖాళీ సర్వర్ల మీద, మొదట లాగిన్ వ్యవస్థ, తర్వాత డేటాబేస్, ఆపై అప్లికేషన్ అనే వరుసలో మొత్తం సేవను నిలబెట్టాలి. శాఖ గుమస్తా ఒకరు వచ్చి తనకు తెలిసిన నాలుగు రికార్డులు తీసి సరిగా ఉన్నాయని సంతకం చేయాలి. ఎంత సేపు పట్టిందో, ఎన్ని గంటల సమాచారం పోయిందో రాసి, శాఖాధిపతి కూడా సంతకం పెట్టాలి. దుండగులు వారాల తరబడి లోపల ఉంటారు కనుక నిన్నటి బ్యాకప్‌లోనే వాళ్ల ప్రోగ్రాం ఉండవచ్చు. రోజువారీ ప్రతులతో పాటు వారపు, నెలవారీ ప్రతులు కూడా చాలినంత కాలం దాచాలి, తెచ్చేటప్పుడు వాటిని శుద్ధి చేసి చూడాలి. బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసిన తాళం చెవిని అదే సర్వర్‌లో దాచకుండా విడిగా ఉంచాలన్నది చెప్పనక్కరలేనట్టుగా కనిపించినా, చెప్పవలసిందే.

ఒక విషయం దాచకూడదు. దుండగులు సమాచారాన్ని ముందే దొంగిలించి, బయటపెడతామని బెదిరిస్తే, దానికి బ్యాకప్ మందు కాదు. దానికి వేరే రక్షణలు కావాలి. దాడి జరిగితే ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న 2022 ఏప్రిల్ నిబంధన కూడా దాగుడుమూతలు లేకుండా అమలు కావాలి. కానీ సేవ ఆగకుండా ఉండటానికి, రైతు తన 1-బీ కోసం నెల రోజులు తిరగకుండా ఉండటానికి బ్యాకప్ తప్ప వేరే దారి లేదు.

ఖర్చు గురించి అభ్యంతరం వస్తుంది. సమాచారం మరీ పెద్దది, అంతా దాచలేమంటారు. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబర్‌లో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో అగ్నిప్రమాదం జరిగి, ప్రభుత్వోద్యోగుల ఫైళ్లుండే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. అంత పెద్దదానికి బయట బ్యాకప్ పెట్టడం సాధ్యం కాదన్నదే అక్కడ చెప్పిన కారణం. పైన చెప్పిన టేపుల లెక్కన అది 48 క్యాట్రిడ్జ్‌ల సమాచారం. మా విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. దానికి సంతోషిస్తూనే, అంత డేటా వచ్చే ఊరిలో మా వార్డు సచివాలయం సమాచారం కూడా భద్రంగా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదని భావిస్తున్నాను.

ఉత్తర్వు శాఖలతో ఆగకూడదు. 2024 జూలై చివర చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ అనే ఒక్క సంస్థ మీద దాడి జరిగితే, దేశంలో చెల్లింపుల వ్యవస్థ నడిపే ఎన్‌పీసీఐ దాన్ని వేరు చేయవలసి వచ్చి, దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. మున్సిపాలిటీలకు సాఫ్ట్‌వేర్ నడిపే కాంట్రాక్టరు ఒక్కరే అయితే ఆపద కూడా ఒక్కటే. కాబట్టి ఇకపై పిలిచే ప్రతి ఐటీ టెండర్‌లో చెరపలేని ప్రతికి, మూడు నెలలకొకసారి పునరుద్ధరణ పరీక్షకు ప్రత్యేక పద్దు ఉండాలి. పరీక్షలో నెగ్గని త్రైమాసికానికి బిల్లు చెల్లించకూడదు. ఏ శాఖ ఎప్పుడు పరీక్ష చేసింది, ఎన్ని గంటల్లో లేచింది అన్న రెండు వివరాలు మాత్రమే, సాంకేతిక రహస్యాలేవీ బయటపెట్టకుండా, ప్రజలకు కనిపించేలా ప్రకటించాలి. మొదటి విడతగా ఉత్తరాంధ్ర జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులను, భూమి రికార్డులను తీసుకుని, వచ్చే తుపాను కాలం లోపు మొదటి పరీక్ష పూర్తి చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
సర్వర్లు, స్టోరేజీ పనిలో ఉన్న ఒక ఇంజినీరు,
విశాఖపట్నం.