పాయింట్ల టికెట్టు పూర్తిగా ఉచితం కాదు

సంపాదకులకు నమస్కారం.

క్రెడిట్ కార్డు పాయింట్లతో అమెరికాలోని పిల్లల దగ్గరికి ఉచితంగా వెళ్లి రావచ్చన్న మాట బెంగళూరు తెలుగు కుటుంబాలలో తరచుగా వినిపిస్తోంది. అది అబద్ధం కాదు గానీ, సగం నిజం మాత్రమే. మా అమ్మాయి ప్రసవ సమయానికి వెళ్లాలని మూడేళ్లు కూడబెట్టిన పాయింట్లను నిరుడు ఒక విమానయాన సంస్థ మైళ్లుగా, అంటే టికెట్లకు వాడుకునే ఆ సంస్థ సొంత పాయింట్లుగా, మార్చుకున్నాను. తీరా చూస్తే, మాకు కావలసిన వారాలలో మైళ్లకు కేటాయించిన సీట్లు ఒక్కటీ మిగలలేదు. ఒకసారి మైళ్లుగా మారిన పాయింట్లు మళ్లీ కార్డులోకి రావు కనుక, ముందు సీటు ఉందో లేదో చూసుకుని ఆ తరువాతే మార్చుకోవాలన్న చిన్న జాగ్రత్త నాకు ఎవరూ చెప్పలేదు. (బ్యాంకు ప్రతినిధి మాత్రం కొత్త కార్డు గురించి చాలా ఓపికగా చెప్పారు.)

సీటు దొరికినా పన్నులు, విమానాశ్రయ రుసుములు, కొన్ని సంస్థలు వేసే ఇంధన సర్‌ఛార్జి చేతి నుంచే కట్టాలి. మైళ్లకు గడువూ ఉంటుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు అది 36 నెలలు. ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయన్స్‌లో ఉన్నందున, దాని మైళ్లతో ఆ కూటమిలోని ఇతర సంస్థల విమానాలలోనూ సీటు వెతుక్కోవచ్చన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

పాయింట్ల కోసం అవసరానికి మించి ఖర్చుపెట్టి, బాకీపై నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ కట్టేవారి లెక్క వేరే చెప్పనక్కరలేదు. ఈ షరతులను మీ ఆర్థిక పేజీలో తేలిక తెలుగులో వివరించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు