మంత్రిగారూ, ఫ్రీ చానళ్లకి కూడా తాళం ఎందుకండీ?

కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం అండీ. కేబుల్ బిల్లు పెరిగిపోయిందని రాస్తున్న ఉత్తరం కాదిది, అలాంటివి మీ ఆఫీసుకి ఈపాటికే బోలెడు వచ్చుంటాయి. నా గొడవ వేరే. దూరదర్శన్ చానళ్లు ఫ్రీ అంటారు కదా, వాటికి చానల్ రేటంటూ ఏమీ లేదు కదా, మరి అవి కేబుల్ వైరులో మా గోడ దాకా వచ్చి, టీవీలో డిజిటల్ ట్యూనర్ ఉండి కూడా, సెట్ టాప్ బాక్సు లేకపోతే ఎందుకు కనపడట్లేదు అని. ముందు కేబుల్ అతన్నే తిట్టుకున్నాం, తీరా చూస్తే అతని చేతుల్లో కూడా ఏమీ లేదు, చట్టంలోనే అలా రాసుంది.

అనలాగ్ రోజులు గుర్తున్నాయి కదండీ. ఒక వైరు లోపలికొస్తే దానికి స్ప్లిట్టర్ తగిలించి హాల్లో ఒకటి, లోపల గదిలో ఒకటి, ఎన్ని టీవీలుంటే అన్నిటికీ పెట్టుకునేవాళ్లం, బొమ్మ కాస్త చుక్కలు చుక్కలుగా వచ్చేది గానీ వచ్చేది. 2011లో కేబుల్ చట్టం సవరించారు, 2012లో మహానగరాలతో మొదలుపెట్టి, 2013లో హైదరాబాద్, విశాఖ ఉన్న రెండో దశ, చివరికి 2017 మార్చి 31 కల్లా పల్లెల్లో కూడా అనలాగ్ ఆపేయాలని గడువు పెట్టారు. డిజిటల్ వద్దని నేననట్లేదు. ఒక అనలాగ్ చానల్ పట్టే చోట పదికి పైనే చానళ్లు పడతాయి, బొమ్మ బాగుంటుంది, ఎన్ని కనెక్షన్లున్నాయో లెక్క తెలుస్తుంది, అంతకుముందు చాలా కనెక్షన్లు లెక్కల్లోకే వచ్చేవి కావని అందరికీ తెలిసిన సంగతే. బాక్సు వచ్చాక మాత్రం ఆ స్ప్లిట్టర్ ఉత్త ఇనప ముక్క అయిపోయింది, టీవీకో బాక్సు, బాక్సుకో రీచార్జి. రెండో టీవీకి నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే చానళ్ల రేట్లు కాక కనెక్షన్‌కి నెలనెలా కట్టేది, మొదటిదానిలో 40 శాతం దాటకూడదని టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో చెప్పింది, మంచిదే, మళ్లీ 2024 జులైలో అసలు ఆ ఫీజు మీద పరిమితే ఎత్తేసి ఆపరేటర్లకి వదిలేసింది.

ఇప్పుడు లోపల గదిలో టీవీ సంగతి చెప్తాను. దాని వెనక కేబుల్ వైరు తిన్నగా గుచ్చి, మెనూలోకెళ్లి కేబుల్ అని పెట్టి ఆటో ట్యూన్ నొక్కితే, అది కిందనుంచి పైదాకా వెతుక్కుంటూ పోయి చానళ్ల పేర్లన్నీ వరసగా చూపిస్తుంది. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, డీడీ న్యూస్, పేర్లు ముత్యాల్లా ఉంటాయి. నొక్కితే నల్ల స్క్రీను, మధ్యలో స్క్రాంబుల్డ్ అని ఒక్క ముక్క. అంటే సిగ్నల్ అందుతోంది, టీవీ దాన్ని చదువుతోంది కూడా, పేర్ల జాబితాకి తాళం ఉండదు కాబట్టి అది కనపడుతుంది, లోపలున్న బొమ్మకీ మాటకీ మాత్రం తాళం, ఆ తాళంచెవి బాక్సులోనో బాక్సులో పెట్టే కార్డులోనో ఉంటుంది. భోజనానికి పిలిచి విస్తరి మీద మూత బోర్లించినట్టుంది యవ్వారం.

కేబుల్ చట్టం 4ఎ సెక్షన్ ఏమంటుందంటే ఏ చానల్ ప్రోగ్రామయినా సరే ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళం వేసే పంపాలి అంటుంది. ఏ చానలైనా! పే చానల్, ఫ్రీ చానల్ అని తేడా లేదు. అదే చట్టంలో 8వ సెక్షన్ ఏమో మీరు నోటిఫై చేసిన దూరదర్శన్ చానళ్లు ప్రతి ఆపరేటరూ తప్పనిసరిగా ఇవ్వాలంటుంది. ఎందుకు తప్పనిసరి చేశారు, జనం అందరికీ చేరాలనే కదా. మరి ఒక సెక్షన్ చేర్చమంటుంటే ఇంకో సెక్షన్ తాళమెయ్యమంటుంటే ఎలాగండీ. ఇంకా విచిత్రం ఏంటంటే అవే దూరదర్శన్ చానళ్లు ప్రభుత్వ శాటిలైట్ సర్వీసు డీడీ ఫ్రీ డిష్‌లో నెలనెలా ఏమీ కట్టకుండా వస్తాయి, పైగా శాటిలైట్ ట్యూనర్ టీవీలోనే బిగించి బాక్సు లేకుండా ఫ్రీ చానళ్లు చూసేందుకు మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్, ఐఎస్ 18112:2022 అని ఒక ప్రమాణం కూడా తెచ్చింది. అలాంటి టీవీ ఉండి డాబా మీద డిష్ పెట్టుకున్నవాడికి బాక్సు అక్కర్లేదు, వైరు లాగించుకున్నవాడికి మాత్రం కావాలి. అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్లవాళ్లు డిష్ ఎక్కడ పెట్టుకుంటారండీ?

ఆపరేటర్ల వైపు నుంచి ఒక మాట ఉంది, అదీ చెప్పాలి. డబ్బు కట్టనివాడికి వైరులో ఫ్రీ చానళ్లు వస్తూనే ఉంటాయి, ఆపాలంటే మనిషిని పంపి వైరు ఊడపీకాలి, ఆ ఖర్చెవరిది అంటారు. నిజమే. అమెరికాలో కూడా కేబుల్లో బేసిక్ చానళ్లకి, అంటే అన్నిటికన్నా చిన్న ప్యాకేజీలో వచ్చేవాటికి, తాళం వెయ్యకూడదని రూల్ ఉండేది, 2012లో ఇదే వాదన విని సడలించారు. కానీ సడలిస్తూ ఊరికే వదిలెయ్యలేదు, బేసిక్ ఒక్కటే చూసేవాళ్లకి కొంతకాలం బాక్సులు ఉచితంగా ఇవ్వాలని షరతు పెట్టారు. మన దగ్గర ఆ మాత్రం ఆలోచన కూడా చేసినట్టు కనపడదు.

కాబట్టి అడిగేది ఏంటంటే, 4ఎ సెక్షన్‌లో తప్పనిసరి దూరదర్శన్ చానళ్లకి మినహాయింపు ఇవ్వండి, పే చానళ్లకి తాళాలు మీ ఇష్టం, ఎన్నయినా వేసుకోండి. చట్టం కదపడం ఇప్పట్లో కుదరదంటే కనీసం రెండో టీవీకి ఆ చానళ్లొక్కటే వచ్చే బాక్సు, నెలవారీ ఫీజు లేకుండా ఇప్పించండి.

ఇంకోటి. ఆపరేటర్ మారితే పాత బాక్సు పనికిరాకుండా పోయే బాధ గురించి ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే మీ శాఖకి సిఫార్సు పంపింది, బాక్సులు ఏ కంపెనీకైనా పనిచేసేలా ఉండాలని, టీవీల్లో కూడా యూఎస్‌బీ పోర్టుకి తగిలించుకునే కామన్ ఇంటర్‌ఫేస్, అంటే తాళంచెవి పెట్టుకునే ఏర్పాటు, ఉండాలని. అది గనక అమలైతే తాళంచెవిని పెన్‌డ్రైవ్ లాగా టీవీకే గుచ్చుకోవచ్చు, ఈ ఉత్తరంలో సగం రాయాల్సిన పనే ఉండేది కాదు. యూరప్‌లో 30 సెంటీమీటర్లు దాటిన డిజిటల్ టీవీలకి ఇలాంటి స్లాట్ ఉండాలని ఎప్పట్నుంచో రూలుంది, అక్కడి కంపెనీలేం మూతపడలేదు. ఆ సిఫార్సు మీద మీ శాఖ ఏ నిర్ణయం తీసుకుంది, తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదు, ఆ రెండూ మామూలు జనం చదువుకునేలా బయటపెట్టండి, వీలైతే తెలుగులో కూడా.

ఇట్లు,
రెండు టీవీలూ ఒక్క బాక్సూ ఉన్న ఒక కేబుల్ వినియోగదారు