గొడుగు మేం కొనుక్కుంటాం, గొట్టం మీరు పాతించండి

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

అయ్యా, నేను విశాఖపట్నంలో షామియానాలు కుడతాను, పెద్ద గొడుగులు బాగుచేస్తాను. బీచ్ రోడ్డులో సాయంత్రం గాలి గట్టిగా కొట్టిందంటే మర్నాడు పొద్దున్నే నా కొట్టు ముందు గొడుగులు వరస కడతాయి. మురీ మిక్చర్ బండివి, కొబ్బరి బొండాలవి, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లవి. రంగులు వేరు, కొన్న చోట్లు వేరు, దెబ్బ మాత్రం అన్నిటికీ ఒక్కచోటే. ఊచ మధ్యలో, కింది కమ్మీని బిగించడానికి బెజ్జం వేసి రివిట్ కొట్టిన దగ్గర పుటుక్కుమంటుంది. అసలే సన్న ఊచ. అందులో బెజ్జం వేస్తే మిగిలే ఇనుము ఎంత? ఆ బెజ్జంలోకే ఉప్పుగాలి దూరి తుప్పు పట్టిస్తుంది. వేలితో గీస్తే ఎర్రటి పొడి రాలుతుంది.

రెండేళ్ల కిందట ఒక సంస్థ తన పేరు అచ్చు వేయించి వీధి వ్యాపారులకు గొడుగులు పంచింది. సభ పెట్టారు, ఫొటోలు తీసుకున్నారు. వేసవిలో ఇచ్చినవి దసరాకల్లా చాలామటుకు నా కొట్టుకొచ్చాయి. వాటిలో ఒకటి లేచిపోయి, బండి మీద వెళ్తున్నాయన నుదురు చిట్లగొట్టింది. ఆ గొడుగు పొత్తులమ్మే ఒక మామ్మది. ఆవిడ విరిగిన గొడుగు తెచ్చి నా ముందు పడేసి, "గొడుగు పోతే పోయింది బాబూ, ఆయన కంటికి తగిలుంటే నా బతుకేటయ్యేది?" అంది. ఆ తర్వాత ఆవిడ నెల్లాళ్లు గొడుగు వెయ్యలేదు. మే నెల ఎండలో నెత్తిన తడి తువ్వాలు వేసుకుని కూర్చుంది.

తప్పు గొడుగుదేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక రోజు మూడు గంటలప్పుడు కాళీ మాత గుడి దగ్గర నిలబడి చూశాను. ఎండ పడమటి నుంచి ఏటవాలుగా వస్తోంది. ప్రతి వాళ్లూ గొడుగును పడమటికి వంచారు. అలా వంచితే దాని నోరు సముద్రం వైపు తెరుచుకుంటుంది. సముద్రపు గాలి ఊపందుకునేదీ సరిగ్గా ఆ వేళకే. తెరచాప కట్టినట్టు గాలంతా గొడుగు కడుపులోకి పోతుంది. ఏ ఎండకా గొడుగు అంటారు గానీ, మా బీచ్‌లో ఎండకు పట్టిన గొడుగు గాలికి లొంగిపోతుంది. కాస్తంత నీడ కోసం వంచినవాళ్లను తప్పు పట్టలేం కదా.

మా చిన్నాన్న కొడుకు సివిల్ డిప్లొమా చదివాడు. లెక్క వాడే వేసి చూపించాడు. గాలి ఒత్తిడికి ఐఎస్ 875 అని ఒక భారతీయ ప్రమాణం ఉంది, దాని మూడో భాగంలో సూత్రం ఉంది. ఎనిమిది అడుగుల గొడుగు గాలికి పూర్తిగా ఎదురు తిరిగిందనుకోండి. గంటకు 25 కిలోమీటర్ల గాలి దాన్ని సుమారు 14 కిలోల బలంతో తోస్తుంది. గాలి 50కి పెరిగితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలై 55 కిలోలవుతుంది. వేసవిలో మా ఫోన్లకు వచ్చే హెచ్చరికల్లో తరచూ ఉండేది "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులు" అన్న మాటే. అంటే ఇది ఎప్పుడో వచ్చే తుపాను లెక్క కాదు, మా మామూలు సాయంత్రాల లెక్క.

ఇక దిమ్మ సంగతి. గొడుగుతో ఇచ్చే ప్లాస్టిక్ దిమ్మలో నీళ్లు పోస్తే ఇరవై కిలోలు తూగుతుంది, వెడల్పు అడుగున్నర. మోయడానికి బరువే. కానీ ఏడడుగుల ఎత్తున రెండు మూడు కిలోల పక్కతోపు తగిలితే చాలు, తిరగబడుతుంది. బరువు తక్కువై కాదు, కింద కాలు పొట్టిదై, పైన చెయ్యి పొడుగైనందువల్ల. అందుకే మావాళ్లు గొడుగుని తాడుతో బండికి కడతారు. గాలొస్తే అప్పుడు బండే ఊగుతుంది. ఆ బండి మీద మరుగుతున్న నూనె ఉంటుంది, గమనించండి.

కాబట్టి మాకు గొడుగులు పంచొద్దని మనవి. అవి మేం కొనుక్కుంటాం. మీరు నేలలో గొట్టం పాతించండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అమ్మకాలకు చోట్లు గుర్తించాలి. అలా గుర్తించిన చోట కొత్తగా ఫుట్‌పాత్ వేసేటప్పుడే ఒక్కో బండికి రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంత తీసి, మధ్యలో జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనప గొట్టం) నిలబెట్టి కాంక్రీటు పోయించండి. ఆ దిమ్మ అర టన్ను పైనే తూగుతుంది, చుట్టూ నేల పట్టు అదనం. పైన చెప్పిన 55 కిలోల తోపు ఏడడుగుల ఎత్తున తగిలినా దాన్ని లేపలేదు. టైల్స్ పరిచేశాక పగలగొట్టాలంటే ఖర్చు, ముందే పాతితే చిల్లర పని. ఎక్కడెక్కడ కావాలో పట్టణ విక్రయ కమిటీని అడగండి. అందులో నూటికి నలభై మందికి తక్కువ కాకుండా వ్యాపారులే ఉండాలని చట్టంలోనే రాసి ఉంది.

కింద గట్టిగా పట్టేస్తే గాలి కోపమంతా పైన పడుతుంది, నిజమే. ఆ భాగం మా పనివాళ్లది. గుడ్డని రెండు అంచెలుగా కుట్టి, నెత్తిన టోపీలాగా చిన్న గుడ్డ వదులుగా కప్పితే లోపలికి దూరిన గాలి ఆ సందులోంచి పైకి పోతుంది. వాన పెద్దగా కారదు. ఇనప ఊచ వంగిందంటే వంగినట్టే ఉండిపోతుంది, ఫైబర్ ఊచ వంగి మళ్లీ లేస్తుంది. దానికి బెజ్జం వేయకుండా పట్టీతో బిగిస్తాను. నూలు దారం మానేసి పాలిస్టర్ దారంతో కొనలు కుడతాను. ప్రభుత్వం ఎప్పుడైనా గొడుగులు కొనాల్సివస్తే టెండరులో రంగు, సైజు, లోగోతోపాటు ఎంత గాలికి ఆగాలో కూడా ఒక వాక్యం రాయించండి. అమెరికాలో 2016లో వర్జీనియా బీచ్‌లో ఎగిరొచ్చిన గొడుగు తగిలి ఒకామె చనిపోయింది. 2024లో అక్కడ బీచ్ గొడుగులకు ప్రమాణం తెచ్చారు. గంటకు 30 మైళ్ల గాలికి, అంటే దాదాపు 48 కిలోమీటర్లకు, అవి కదలకుండా ఆగాలి. మన ఈదురుగాలి అంకే అది.

తుపానుకి ఆగే గొడుగు మాత్రం నన్నడగొద్దు. ఆ ఐఎస్ పుస్తకంలో విశాఖకు రాసిన గాలి గంటకు 180 కిలోమీటర్లు. అది వట్టి కాగితం మీది అంకె కాదని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మాకు చూపించింది. అలాంటి రోజున గొడుగు ముడిచి ఇంటికి పోవడమే.

ఒక్క చిన్న సంగతి. పైపు లోపలి కొలత అన్నిచోట్లా ఒకటే, రెండంగుళాలు ఉండనివ్వండి. సన్న కర్ర ఉన్నవాళ్లు చెక్క మేకు దిగ్గొట్టుకుంటారు. అడుగున నీళ్లు ఇంకడానికి దారి వదలమనండి. పైన గొలుసుతో మూత పెట్టించండి. లేకపోతే బండి లేని రోజున ఏ చంటిదాని పాదమో అందులో దిగుతుంది.

భవదీయుడు,
గొడుగులు కుట్టే ఒక పనివాడు,
విశాఖపట్నం