మారేది చిప్ప కాదు

సంపాదకులకు నమస్కారం.

కీళ్ల శస్త్రచికిత్సల గురించి వార్త వచ్చిన ప్రతిసారీ శీర్షికలో 'మోకాలి చిప్పల మార్పిడి' అనే మాట కనిపిస్తోంది. దయచేసి ఆ మాట మానండి. మా అమ్మ ఆ మాటకే భయపడి మూడేళ్లు నొప్పి భరించింది. మోకాలు మొత్తం కోసి తీసేసి ఇనుప చిప్ప బిగిస్తారని ఆమె అనుకుంది. ఆమెకు సర్దిచెప్పడానికి మాకూ అంతకన్నా ఎక్కువ తెలియదు.

శస్త్రచికిత్సలో తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను సుమారు సెంటీమీటరు మందాన చెక్కి, ఆ కొసలకు లోహపు తొడుగులు వేస్తారు. వాటి మధ్య పాలిథిలిన్ అనే గట్టి ప్లాస్టిక్ పలక అమరుస్తారు. 'గుజ్జు అరిగిపోయింది' అంటామే, ఆ గుజ్జు చేయవలసిన పని ఇకపై ఈ పలక చేస్తుంది. కండరాలు, ఎముకలను పట్టి ఉంచే పక్క లిగమెంట్లు ఎప్పటిలా మనవే. చిప్ప కూడా ఉన్నచోటే ఉంటుంది. అవసరమనుకుంటే దాని లోపలి వైపు చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు, అంతే.

తుంటి కీలు బంతీ గిన్నెల అమరిక. అక్కడ తొడ ఎముక తలను తీసి, ఎముకలోకి దిగే కాడతో సహా కొత్త బంతిని, దానికి తగిన గిన్నెను పెడతారు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్లీ అనే సర్జన్ లోహపు బంతికి పాలిథిలిన్ గిన్నెను జోడించి చేసిన పద్ధతే నేటి తుంటి మార్పిడికి పునాది. తుంటి చెడితే నొప్పి ఎక్కువగా గజ్జలో వస్తుంది. కొందరికి మాత్రం మోకాలిలోనే తెలుస్తుంది. అలాంటివారు మోకాలికి మందు రాసుకుంటూ నెలలు గడిపేస్తారు. ఈ ఒక్క సంగతి మీరు రాసినా ఎందరికో మేలు.

ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆపరేషన్‌కు తొందరపడడమూ సరికాదు. వ్యాయామం, బరువు తగ్గడం, మందులు అన్నీ ప్రయత్నించినా నొప్పితో నిద్ర పట్టకపోతే, నాలుగు అడుగులు వేయడమే కష్టమైతే అప్పుడు ఆలోచించాలి. పలు దేశాల రికార్డులను పరిశీలించి 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనాల ప్రకారం 25 ఏళ్ల తర్వాత కూడా సుమారు 82 శాతం మోకీళ్లు, 58 శాతం తుంటి కీళ్లు మళ్లీ మార్చే అవసరం లేకుండా నిలిచాయి. మరోవైపు, మోకీలు మార్చుకున్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఫలితం పూర్తి తృప్తినివ్వదు. మీ కథనాలలో మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు. రెండూ తెలిశాకే మనిషి నిర్ణయించుకోవాలి.

చివరికి అమ్మకు ఒక మోకీలు మార్చారు. ఇంటికి వచ్చిన మొదటి వారం ఆ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టి పడుకోబెట్టాం. హాయిగా ఉందని ఆమె అంటే మేమూ సంతోషించాం. ఫిజియోథెరపిస్టు వచ్చి చూసి వెంటనే ఆ దిండు తీసేశారు. మోకాలు వంగిన స్థితిలోనే బిగుసుకుంటే కాలు నిటారుగా చాపలేరని, దిండు పెట్టదలిస్తే మడమ కింద పెట్టాలని చెప్పారు. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో మందుల వేళలున్నాయి గాని ఈ మాట లేదు. ఆ వారం పోగొట్టుకున్నది రాబట్టడానికి అమ్మ రెండు నెలలు కన్నీళ్లతో వ్యాయామం చేసింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, గాయం నుంచి స్రావం కారినా, జ్వరం వచ్చినా క్షణం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలని కూడా ఎవరూ మాకు విడిగా చెప్పలేదు. అదృష్టవశాత్తు ఆ అవసరం రాలేదు.

ఈ ఆపరేషన్లలో వాడే రోబోల ఫొటోలకు మీరు అర పేజీ ఇస్తున్నారు. ఈసారి అందులో కొంత తగ్గించి, దిండు సంగతికి, ఈ ప్రమాద సూచనలకు చోటివ్వండి. శీర్షికలో 'మోకీలు మార్పిడి' అని రాయండి.

– ఒక పాఠకురాలు