మా పాప ఆడేది హాకీ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మేము డబ్లిన్‌లో ఉంటాం, తెనాలిలో మా నాన్నగారు రోజూ మీ పేపరే చదువుతారు. ఫోన్ చేసినప్పుడల్లా "పాప ఆడేది హాకీయేనా" అని అడుగుతారు, కాదు నాన్నా అది కామోగీ, ఆడవాళ్ళు ఆడే హర్లింగ్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి అర్థం కావట్లేదు. ఆయన తప్పేం లేదు, ఐర్లాండ్ అంటే మనవాళ్ళకి గుర్తొచ్చేది క్రికెట్టే, 2011లో బెంగళూరులో కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో సెంచరీ కొట్టి ఇంగ్లండ్‌ని ఓడించాడు చూడండి, అదీ.

కానీ ఇక్కడ ఊళ్ళల్లో ప్రాణం పెట్టేది హర్లింగ్‌కి. జట్టుకి 15 మంది, చేతిలో కర్ర, చిన్న తోలు బంతి, అది గాల్లో ఉండగానే ఒక్క దెబ్బతో గ్రౌండ్ అవతలికి పంపేస్తారు, గోల్ బార్ మీదుగా పోతే 1 పాయింటు, కింద వలలో పడితే 3. మొదటిసారి ఇక్కడి పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో కూర్చుని చూసినప్పుడు బంతి ఎక్కడుందో కూడా తెలీలేదు నాకు, అంత స్పీడు!

నన్ను కదిలించింది ఇంకోటి. 82 వేల మంది పట్టే ఆ స్టేడియంలో ఫైనల్ ఆడేవాళ్ళకి జీతం లేదు, వేలంపాటలు లేవు, టీచర్లు, రైతులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, అందరూ ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటూ తమ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోసం ఆడతారు. మా పాపకి నేర్పించే కోచ్ కూడా పైసా తీసుకోడు, వానలో కూడా వస్తాడు.

బ్రిటిష్ వాళ్ళ పాలనలో సొంత ఆటలు పోతున్నాయని 1884లో థర్లెస్ అనే ఊళ్ళో మైకేల్ క్యూసాక్ వాళ్ళు కలిసి సంఘం పెట్టుకున్నారు. 1920 నవంబర్ 21న అదే క్రోక్ పార్క్‌లో గేలిక్ ఫుట్‌బాల్ (ఐరిష్ వాళ్ళ సొంత ఫుట్‌బాల్) మ్యాచ్ జరుగుతుంటే బ్రిటిష్ బలగాలు వచ్చి కాల్చాయి, 14 మంది పోయారు, అందులో టిప్పరరీ కౌంటీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు, ఇప్పుడు ఒక స్టాండ్‌కి అతని పేరే. మన జలియన్‌వాలాబాగ్ జరిగిన మరుసటేడే ఇది, అక్కడ నిలబడితే నాకు రెండూ కలిపి గుర్తొస్తాయి.

హర్లింగ్ ఫైనల్ జులైలో ఉంటుంది. మర్నాడు స్పోర్ట్స్ పేజీలో ఒక ఫొటో, నాలుగు లైన్లు వేయండి సార్, మనవరాలు ఆడే ఆట ఏంటో మా నాన్నగారు మీ పేపర్లోనే చదువుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు, డబ్లిన్