రగ్బీ ఎంపికలో ఒడ్డూ పొడుగూ: అసలు మీట నిబంధనల చేతిలో

సంపాదకులకు,

అయ్యా,

అంతర్జాతీయ రగ్బీ జట్ల ఎంపికలో ఆటగాడి ఒడ్డూ పొడుగూ ఇక లెక్కలోకి రావని, వేగమూ నేర్పూ ఉంటే ఎంత చిన్న మనిషికైనా చోటు దొరుకుతుందని వాదిస్తూ మీ క్రీడా పుటలో వెలువడిన వ్యాసం చదివాను. దక్షిణాఫ్రికా వింగర్ (మైదానం అంచున పరుగెత్తే ఆటగాడు) చెస్లిన్ కోల్బేను ముందు నిలిపి ‘పిట్ట కొంచెం కూత ఘనం’ అన్న ధోరణిలో సాగిన ఆ వ్యాసం చదవడానికి హాయిగానే ఉంది కాని, దాని తీర్మానం సగమే నిజం. రెండో సగాన్ని వదిలేస్తే, రగ్బీని కొత్తగా చూడటం మొదలుపెట్టిన పాఠకులకు ఆట స్వభావమే తప్పుగా అర్థమవుతుందన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

రగ్బీ యూనియన్ జట్టులో 15 మంది ఉంటారు. వారిలో 1 నుంచి 8 వరకు అంకెలు ధరించే ఫార్వర్డ్‌ల పని వేరు, 9 నుంచి 15 వరకు ధరించి బంతితో పరుగులు తీసే బ్యాక్స్ పని వేరు. ఆగిన ఆటను తిరిగి మొదలుపెట్టే తోపులాట అయిన స్క్రమ్‌లో ఎనిమిది మంది ఫార్వర్డ్‌లు మూడు వరుసలుగా ఒకరినొకరు పెనవేసుకుని ఎదుటి ఎనిమిది మందిని నెట్టాలి. వెనుక నుంచి వచ్చే తోపుడంతా ముందు వరుసలోని ఇద్దరు ప్రాప్‌లు, వారి మధ్యనున్న హుకర్ మెడల మీదుగా, భుజాల మీదుగా ప్రత్యర్థికి చేరుతుంది. అక్కడ తక్కువ బరువున్న ఆటగాడిని నిలబెట్టడం అంటే జట్టుకు నష్టం చేయడమే కాదు, అతని వెన్నెముకకు ప్రమాదం తెచ్చిపెట్టడం కూడా. అందుకే ప్రపంచంలో ఏ అగ్రశ్రేణి దేశమూ 80 కిలోల మనిషిని ప్రాప్‌గా ఎంపిక చేయదు. ఫ్రాన్స్‌కు ఆడిన ప్రాప్ యూనీ అటోనియో బరువు 140 కిలోలు దాటేది. బంతి పక్క గీత దాటినప్పుడు దాన్ని లోపలికి విసిరే లైన్‌ఔట్‌లో బంతిని గాలిలో అందుకోవలసిన లాక్‌లు (స్క్రమ్ రెండో వరుసవారు) సాధారణంగా రెండు మీటర్ల చుట్టుపక్కల ఎత్తు ఉంటారు. కోల్బే ఎంత గొప్ప ఆటగాడైనా ఈ రెండు స్థానాల్లో దేనికీ అతని పేరు ఎవరూ తలచరు. మీ వ్యాసకర్త పేర్కొన్న చిన్న దేహాల వారందరూ వింగర్లో, స్క్రమ్ నుంచి బంతిని తీసి బ్యాక్స్‌కు అందించే స్క్రమ్ హాఫ్‌లో కావడం యాదృచ్ఛికం కాదు.

అంకెలు కూడా ఈ మాటనే బలపరుస్తున్నాయి. 1955లో ఐరోపా జట్ల వార్షిక పోటీ అయిన ఫైవ్ నేషన్స్‌లో ఆడిన వారి సగటు బరువు 85 కిలోల దగ్గర ఉండగా, అదే పోటీ సిక్స్ నేషన్స్‌గా మారిన తరువాత 2015 నాటికి ఆ సగటు 105 కిలోలు దాటింది. 1995 ఆగస్టులో రగ్బీ యూనియన్ వృత్తి క్రీడగా మారడంతో ఆటగాళ్లకు వ్యాయామశాలలో గడిపే తీరిక, దానికి తగిన ఆహారం, శిక్షకులు సమకూరారు. ఈ పెరుగుదలలో పెద్ద వాటా ఆ మార్పుదే. 1987 నుంచి 2007 వరకు జరిగిన ప్రపంచ కప్ జట్ల కొలతలను పరిశీలించిన ఫ్రెంచ్ పరిశోధకులు, ఫార్వర్డ్‌లు బరువుగా, బ్యాక్స్ పొడుగ్గా ఉన్న జట్లే మెరుగ్గా రాణించాయని తేల్చారు. అయితే అదే పరిశోధనలో, అంతకుముందు ప్రపంచ కప్ ఆడిన అనుభవం జట్టులో ఎంతమందికి ఉందన్నది కూడా ఫలితానికి ముఖ్యమని బయటపడింది. వ్యాయామశాలలో పెంచుకోలేని ఆ రెండో అంశాన్ని మాత్రం చర్చల్లో ఎందుకో ఎవరూ ప్రస్తావించరు.

ఇక్కడ ఒక గందరగోళాన్ని తొలగించాలి. ‘పెద్ద ఆటగాడు’ అనగానే మనం ఎత్తునూ బరువునూ ఒకే గాటన కట్టేస్తాం. దక్షిణాఫ్రికా ప్రాప్ ఆక్స్ న్చే ఎత్తు సుమారు 173 సెంటీమీటర్లు, అంటే కోల్బేతో దాదాపు సమానం. అయినా అతను బరువులో 110 కిలోలు దాటినవాడు. పొట్టిగా ఉండి బరువుగా ఉండటమే స్క్రమ్‌లో అతని బలం, ఎందుకంటే ప్రత్యర్థి ఛాతీ కిందికి దూరి పైకి తోయగలిగిన వాడిదే అక్కడ పైచేయి. 2023 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ 15-6 ఆధిక్యంలో ఉన్నప్పుడు, బెంచి మీద నుంచి వచ్చిన రెండు మీటర్లకు పైగా ఎత్తున్న లాక్ ఆర్.జి. స్నైమన్ ట్రై (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు ఆనించి సాధించే స్కోరు) చేశాడు. చివరి నిమిషాల్లో, న్చే కూడా ఉన్న స్క్రమ్ సంపాదించిన పెనాల్టీని హాండ్రే పొలార్డ్ చాలా దూరం నుంచి గోలుగా మలచగా, దక్షిణాఫ్రికా 16-15తో గట్టెక్కింది. ఒకే మ్యాచ్‌ను ఒక పొడుగరి, ఒక పొట్టివాడు కలిసి తిప్పారు. ఇద్దరి దేహాలూ ఆటకు పనికొచ్చినవే, కాని ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

దేహమే సర్వస్వమనే వాదానికి అందరూ చూపించే పేరు న్యూజిలాండ్ వింగర్ జోనా లోము. 196 సెంటీమీటర్ల ఎత్తు, 115 కిలోలు దాటిన బరువు, దానికి తోడు చిన్న వింగర్లకు తీసిపోని వేగం. 1995 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ మీద అతను చేసిన నాలుగు ట్రైలు చూసిన తరువాత ప్రతి దేశమూ తనకూ ఒక లోము కావాలని వెతుకులాట మొదలుపెట్టింది. అయితే ఆ కథకు ముందూ వెనుకా ఉన్న రెండు సంగతులు మరుగున పడ్డాయి. 1994లో 19 ఏళ్ల వయసులో ఫ్రాన్స్‌పై ఆడిన తొలి రెండు టెస్టుల్లో (అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో), అదే దేహంతో, ఎక్కడ నిలబడాలో తెలియక అతను తడబడ్డాడు. న్యూజిలాండ్ ఆ రెండూ ఓడింది. 1995 ఫైనల్‌లో దక్షిణాఫ్రికా అతనికి పరుగెత్తే చోటే ఇవ్వకుండా, బంతి అందిన క్షణంలోనే పట్టుకుని నిలువరించి 15-12తో గెలిచింది. ఆ తరువాత కూడా దక్షిణాఫ్రికాపై ఒక్క టెస్టు ట్రై అయినా చేయకుండానే లోము తన ప్రస్థానం ముగించాడు. ఒకే మనిషి, ఒకే బరువు, అయినా ఫలితం ఎదుటి జట్టు ఆడిన తీరును బట్టి మారింది.

దీనికి అవతలి కొసన జపాన్ ఉంది. 2015 సెప్టెంబరు 19న బ్రైటన్‌లో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాను ఓడించిన మ్యాచ్‌ను చిన్నవారి విజయంగా చెప్పుకోవడం పరిపాటి. ఎడ్డీ జోన్స్ శిక్షణలో ఆ జట్టు కాళ్ల దగ్గర పట్టే ట్యాకిళ్లను, బంతిని వెంటవెంటనే ఆటలోకి తెచ్చే వేగాన్ని అలవరచుకున్న మాట నిజమే. కాని చివరి ఘట్టం గుర్తు చేసుకోండి. మూడు పాయింట్లు వెనకబడి ఉన్న దశలో పెనాల్టీ కిక్‌తో స్కోరు సమం చేసే అవకాశం ఉన్నా, కెప్టెన్ మైకేల్ లీచ్ స్క్రమ్ కోరాడు! తనకంటే బరువైన జట్టును తోపుడులోనే ఢీకొంటానన్న ఆ నిర్ణయం వెనుక ధైర్యమొక్కటే కాదు, లెక్క కూడా ఉంది. అప్పటికి దక్షిణాఫ్రికా ప్రాప్ ఒకరు పసుపు కార్డుతో మైదానం బయట ఉన్నాడు. నాలుగేళ్ల తరువాత సొంతగడ్డపై ఐర్లాండ్‌ను, స్కాట్లాండ్‌ను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరిన జపాన్, అక్కడ అదే దక్షిణాఫ్రికా చేతిలో 26-3తో ఓడింది. ఆ రోజు పూర్తి బలంతో ఉన్న ఫార్వర్డ్‌లు మాల్ కట్టి (బంతి పట్టుకున్నవాడి చుట్టూ గుమికూడి) జపాన్‌ను మీటర్ల కొద్దీ వెనక్కి నెట్టుకుపోగా, చివరికి ట్రై నమోదు చేసింది ఆ జట్టులోని పొట్టి స్క్రమ్ హాఫ్ ఫాఫ్ డి క్లెర్క్. నైపుణ్యంతో బరువును ఎంతవరకు ఎదుర్కోవచ్చో, ఎక్కడ ఆగిపోవలసి వస్తుందో ఈ రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇంతవరకు మీ వ్యాసకర్తతో విభేదించాను. ఇక ఆయన బాధతో ఏకీభవించే చోటు. దేహంతో అంతగా పని లేని స్థానాల్లో కూడా సెలక్టర్లు దేహాన్నే తొలి జల్లెడగా వాడతారు. వేల్స్ వింగర్ షేన్ విలియమ్స్ ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లు. చిన్నవాడన్న ముద్రతో పక్కన పెట్టబడిన అతన్ని 2003 ప్రపంచ కప్‌కు అదనపు స్క్రమ్ హాఫ్‌గా తీసుకెళ్లారు. అక్కడ న్యూజిలాండ్‌పై దొరికిన ఒక్క అవకాశంతో అతని దశ తిరిగింది. 2008లో ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంపికై, వేల్స్ తరఫున 58 ట్రైల రికార్డుతో వైదొలగాడు. కోల్బే కూడా స్వదేశంలో వింగ్‌కు చాలడన్న మాట విని 2017లో ఫ్రాన్స్‌లోని తులూజ్ క్లబ్‌కు వెళ్లి, అక్కడ రాణించిన తరువాతే 2018లో దక్షిణాఫ్రికా జెర్సీ తొడిగాడు. 2019 ఫైనల్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్‌ను బోల్తా కొట్టించి అతను చేసిన ట్రై అందరికీ గుర్తుంది. నాకు మాత్రం 2023 క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ కిక్కర్ తోమా రామోస్ కన్వర్షన్‌కు (ట్రై తరువాతి అదనపు కిక్‌కు) కదలగానే దూసుకెళ్లి బంతిని అడ్డుకున్న క్షణమే గొప్పదనిపిస్తుంది. రెండు పాయింట్లు ఆగాయి, మ్యాచ్ 29-28తో ముగిసింది. కిక్కర్ అడుగు కదలికను కనిపెట్టే ఆ గుణం ఏ కొలత పట్టికలోనూ నమోదు కాదు.

బరువైన వింగర్ ఒక మ్యాచ్‌లో విఫలమైతే ‘ఫామ్‌లో లేడు’ అంటారు, చిన్న వింగర్ విఫలమైతే ‘చెప్పాం కదా, చిన్నవాడు’ అంటారు. పక్షపాతం ఉన్నది ఇక్కడే. దీని వేళ్లు బాలల ఎంపికల్లో ఉన్నాయి. 14, 15 ఏళ్ల వయసులో ముందుగా ఎదిగిన పిల్లవాడు తోటివారిని నెట్టుకుంటూ పోయి జట్టులో చేరతాడు. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు ఆ లోపలే ఆట మానేస్తాడు. ఎదుగుదల పూర్తయ్యేనాటికి ఇద్దరి దేహాలూ సమానమైనా, ఒకరికి అప్పటికే శిక్షణ, మ్యాచ్‌ల అనుభవం పోగుపడి ఉంటాయి. న్యూజిలాండ్‌లో చాలాచోట్ల పిల్లల పోటీలను వయసుతో పాటు బరువును బట్టి కూడా విభజించడం, పెద్దవారికి 85 కిలోల లోపు వారి జాతీయ పోటీ ఒకటి నిర్వహించడం ఈ నష్టాన్ని గుర్తించినందువల్లనే. భారీ దేహాలకు పేరుపడ్డ దేశమే ఈ జాగ్రత్త తీసుకోవడం గమనించదగినది.

అయినా, సెలక్టర్ల మనసు మార్చితే సమస్య తీరుతుందని నేను అనుకోను. ఒడ్డూ పొడుగుకు ఎంత విలువ ఉండాలో నిర్ణయించేది సెలక్టరు కాదు, ఆట నిబంధనలు. 1968కి ముందు అంతర్జాతీయ మ్యాచ్‌లలో గాయపడిన వాడి స్థానంలో కూడా మరొకరిని దింపే వీలు లేదు. 1996లో వ్యూహాత్మక మార్పులను, అంటే గాయం లేకున్నా ఆటగాడిని మార్చడాన్ని, అనుమతించారు. ఇప్పుడు బెంచి మీద ఎనిమిది మంది ఉంటారు. దీనివల్ల ఒక కోచ్ 50వ నిమిషంలో తన ముందు వరుసను మొత్తంగా మార్చేయవచ్చు. 80 నిమిషాల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండే సమయం సగం కూడా ఉండదు కాబట్టి, 130 కిలోల ప్రాప్ 50 నిమిషాలు ఆడటమంటే అసలు శ్రమ పాతిక నిమిషాలు కూడా దాటదు. అలాంటప్పుడు ఆ బరువును ఎవరు వద్దంటారు? దక్షిణాఫ్రికా 2019లో బెంచిపై ఆరుగురు ఫార్వర్డ్‌లను, 2023 ఫైనల్‌లో ఏకంగా ఏడుగురిని పెట్టుకుని రెండుసార్లూ కప్పు గెలిచింది. అది మోసం కాదు, నిబంధనను చివరికంటా చదివిన తెలివి. జట్టుకు ఏడుగురే ఆడే సెవెన్స్ చూడండి: స్క్రమ్‌లో ముగ్గురే ఉంటారు, మైదానం మాత్రం అంతే వెడల్పు, అందుకే అక్కడ ప్రాప్ కూడా పరుగెత్తగలిగిన వాడే కావాలి. నిబంధన మారగానే దేహం మారింది.

కాబట్టి బెంచిపై ఎనిమిది మందిని ఉంచినా, వ్యూహాత్మక మార్పులను నాలుగైదింటికి పరిమితం చేసి, మిగిలినవారిని గాయాల కోసమే వాడుకోనివ్వాలన్న సూచనను నేను సమర్థిస్తాను. ఇది నా సొంత ఆలోచనేమీ కాదు, ఆటలో చాలాకాలంగా వినిపిస్తున్నదే. అలసిన ఆటగాళ్లకే గాయాలు ఎక్కువవుతాయన్న అభ్యంతరంలో బలముంది, ముందు వరుస విషయంలో దానిని కొట్టిపారేయలేం. గాయం నటించే ప్రమాదం మరొకటి. 2009లో ఇంగ్లండ్‌కు చెందిన హార్లెక్విన్స్ క్లబ్ ఆటగాడు నోట్లో కృత్రిమ రక్తపు గుళిక కొరికి మార్పు సంపాదించిన ఉదంతం ఇంకా ఎవరూ మరచిపోలేదు. అందుకే గాయాన్ని జట్టు వైద్యుడు కాక స్వతంత్ర వైద్యుడే నిర్ధారించాలన్న షరతు తప్పనిసరి. ఈ చిక్కులున్నా, 80 నిమిషాలు నిలవవలసి వస్తుందన్న భయం ఒక్కటి చాలు, ఎంపిక సమావేశంలో 130 కిలోల వాడి పక్కన 115 కిలోల వాడి పేరు కూడా చర్చకు రావడానికి.

ట్యాకిల్ ఎత్తుపై కఠినమైన నియమాలు ఈపాటికే ఆ దిశలో కొంత పని చేస్తున్నాయి. తలకు దెబ్బ తగిలే ట్యాకిల్‌కు ఎర్ర కార్డు చూపిస్తుండటంతో, నడుము వంచలేని పొడుగరి ఇప్పుడు తన జట్టుకు భారం కాగలడు. 2022 మహిళల ఫైనల్‌లో ఇంగ్లండ్ వింగర్ లిడియా థాంప్సన్, 2023 పురుషుల ఫైనల్‌లో న్యూజిలాండ్ కెప్టెన్ సామ్ కేన్ ఇలాంటి ట్యాకిళ్లకే మైదానం వీడారు. వారి జట్లు మూడు పాయింట్ల తేడాతో ఒకటి, ఒకే ఒక్క పాయింటు తేడాతో మరొకటి ఓడిపోయాయి. వారిద్దరూ భారీకాయులేమీ కారు, అంటే ఈ నియమం చిన్నవారినీ వదలదు. కాని రోజూ వంగవలసిన దూరం రెండు మీటర్ల మనిషికే ఎక్కువ, ఆ లెక్కను కోచ్‌లు ఇప్పుడు వేసుకోక తప్పడం లేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు